ఇంజన్ ఆపిన చోటు

మా ఊళ్లో నా ఉద్యోగం పేరు డ్రైవర్. సైన్యంలో హెలికాప్టర్లు నడిపి, తర్వాత నడిపేవాళ్లని నడిపించి, ఆఖరికి బ్రిగేడియర్‌గా బయటికొచ్చినా, వైరా పక్కన మా వాళ్ల నోళ్లలో ఆ పేరు మారలేదు. మా నాన్నకైతే అది కాస్త నామోషీగానే ఉండేది. మా తాత కృష్ణా జిల్లా నుంచి బండి కట్టుకొచ్చి వైరా రిజర్వాయర్ కింద పొలం కొన్నవాడు. నాన్న ఆ పొలం మీద రెండు లారీలు సంపాదించినవాడు. పైలట్ రెక్కలు ఛాతీకి తగిలించుకొని నేను మొదటిసారి ఇంటికెళ్లిన రోజున ఆ రెక్కల్ని కాసేపు చూసి, "డ్రైవింగే చెయ్యాలనుకుంటే మన బండి ఉందిగదరా, పరాయివాళ్ల బండి ఎందుకు?" అన్నాడు. దానికి సమాధానం ఆలోచిస్తూనే రిటైరయ్యాను.

ఖమ్మంలో డిగ్రీ చదివాను, ఫిజిక్సు. తోటివాళ్లంతా బ్యాంకు పరీక్షలు రాస్తుంటే నేను పొరపాటున సైన్యం పరీక్ష రాశాను, వాళ్లు పొరపాటున తీసుకున్నారు. మొదట ఫిరంగి దళంలో వేశారు. కొండ అవతల పడే గుండుకి కొండ ఇవతల కూర్చుని లెక్కలు కట్టే పని. గుండు ఎక్కడ పడిందో చూడాలన్న కుతూహలం ఎక్కువైనవాళ్లని పైకి పంపిస్తారు. అలా ఆర్మీ ఏవియేషన్‌లోకి వచ్చాను. ఆ తర్వాత మంచుకొండలు. పైకి కిరసనాయిలు డబ్బాలు, కిందికి మంచు కొరికి కాళ్లు నల్లబడిన జవాన్లు. ఇప్పటికీ కాలేజీ ఫంక్షన్లకి పిలిచి ధైర్యసాహసాల గురించి చెప్పమంటారు. నాకు తెలిసిందల్లా ఆ ఎత్తులో ఒక డబ్బా ఎక్కువైతే హెలికాప్టర్ లేవదు, ఒక డబ్బా తక్కువైతే పైన ఎవడో వణుకుతాడు. మిగతా సాహసమంతా ఫంక్షన్ పెట్టేవాళ్లు కలుపుకుంటారు, శాలువాతో పాటు.

సైన్యంలో పై ర్యాంకులు పెళ్లిలో ఆఖరి పంక్తి లాంటివి. ఆకులు ముందు కూర్చున్నవాళ్లు చాలామంది, గంపలో మిగిలిన బూరెలు కొన్ని. కల్నల్ దాకా ఏదోలా వస్తాం. భుజం మీద మూడు సింహాల ముద్ర, దాని కింద రెండు చుక్కలు. మూడో చుక్క పడితే బ్రిగేడియర్. ఆ చుక్క కోసం మంచి మంచివాళ్లు గోల్ఫ్ నేర్చుకున్నారు. నేను నేర్చుకోలేదు, అయినా నాకు పడింది. ఎలా పడిందో ఇంట్లో తెలుసు, ఇంకొకాయనకి తెలుసు. ఒక ఊరిని ఇచ్చి తెచ్చుకున్నాను. ఊరు నాది కాదు గనక ఇవ్వడం తేలికైంది.

ఆ ఇంకొకాయన పినపాక అవతల రోడ్డు పక్కన కాలనీలో ఉంటాడు. కోయ పెద్దమనిషి, ఒకప్పుడు వాగు అవతల ఒక గుంపుకి పెద్ద. గుంపంటే ఇక్కడ కోయవాళ్ల చిన్న పల్లె. నేను ఎప్పుడు కనపడ్డా ఆయన ఒకటే అడిగేవాడు.

"నీళ్లు తగ్గినయా సారూ?"

ఎండాకాలం నడిమధ్యలో, రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులు అంటుకుంటున్నప్పుడు కూడా అదే అడిగేవాడు. నీళ్లు తగ్గగానే నిన్నూ నీ వాళ్లనీ తిరిగి మీ గుంపులో దింపుతానని నేను మాటిచ్చాను. దింపలేదు. ఏళ్ల తరబడి ఆయన అడుగుతూనే వచ్చాడు.

ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. నది పోటెత్తితే ఇటువైపు వాగుల్లో నీళ్లు కిందికి పోవు, వెనక్కి ఎగదన్నుతాయి. వాన కురవని చోట కూడా వరద వస్తుంది. నేను అప్పుడు ఎక్కడో ఉత్తరాన కల్నల్‌ని. మూడో చుక్క నిర్ణయించే బోర్డు ఆ చలికాలంలో కూర్చోబోతోంది. రెండు చిన్న హెలికాప్టర్లు ఇచ్చి నన్ను పంపించారు. కారణం, నాకు అనుభవం ఉందని కాదు. "నీకు వాళ్ల భాష వచ్చు కదా" అన్నారు. వాళ్ల భాష కోయ అని, నాకొచ్చింది తెలుగని వివరించే సమయం లేదు.

ఒక బడి గ్రౌండులో దిగాం. రెండు హెలికాప్టర్లలో ఒకటి ఏరియల్ సర్వే కోసం పక్కన పెట్టమని ఆదేశం. ఏరియల్ సర్వే అంటే పెద్దవాళ్లు పైకెళ్లి కిందున్నవి నీళ్లేనని నిర్ధారించుకుని రావడం. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలో తేలకపోవడం వల్ల అది రెండు రోజులు వాయిదా పడింది. ఆ హెలికాప్టర్ శుభ్రంగా తుడిచి, గొడుగు కింద పెళ్లికొడుకులా ఉంది. రెండోదానితో మేం పని మొదలుపెట్టాం.

రెండో రోజు పొద్దున ఒక నర్సమ్మ వచ్చింది. ఏఎన్ఎం. మోకాళ్ల దాకా బురద, నెత్తిన ఎరువుల సంచి కప్పుకుంది. వాగు అవతల గుంపులో నెలలు నిండిన మనిషి ఉందని, గుంపు గుంపంతా ఇంకా అక్కడే ఉందని చెప్పింది. గ్రౌండులో సహాయం పనులు చూస్తున్న అధికారి నవ్వాడు. మంచివాడే, మూడు రోజులుగా నిద్ర లేదు పాపం.

"ఆ గుంపు ఖాళీ అయిపోయింది సార్. మావాళ్లు ఒడ్డు మీద నిలబడి మైకులో చెప్పి వచ్చిన్రు."

"ఏ ఒడ్డు మీద?" అన్నాను.

"ఈ ఒడ్డే సార్. ఆ ఒడ్డుకు పోవుడు కష్టం కదా."

"మైకులో చెబితే ఖాళీ అయినట్టేనా?"

"రూల్ ప్రకారమైతే అయినట్టే సార్."

నర్సమ్మ అతని వంక చూడకుండా, గాలితో మాట్లాడినట్టు, "రూల్‌కు నొప్పులొస్తే బాగుండు" అంది.

నేనూ మా కో-పైలట్ మేజరూ వెళ్లి చూశాం. వాగు నది అయిపోయింది. అవతల ఒక దిబ్బ, దాని మీద గుడిసెలు, చుట్టూ ఇప్పచెట్లు, నాలుగు వైపులా ఎర్రనీళ్లు. రెండుసార్లు చుట్టూ తిరిగాం. మనిషి లేడు. చెయ్యి ఊపేవాడు లేడు. దండెం మీద గుడ్డ లేదు, పొయ్యిలో పొగ లేదు.

"ఖాళీ సర్" అన్నాడు మేజర్ హిందీలో. ఉత్తరాది మనిషి, మంచి పైలట్. తనకు తెలియని దాని గురించి కూడా స్పష్టంగా చెప్పగల గుణం ఉంది, పైకి వెళ్తాడు.

అప్పుడే కోళ్లు కనిపించాయి. మా గాలికి బెదిరి, ఒక గుడిసె నుంచి ఇంకో గుడిసెలోకి పరిగెడుతున్నాయి. నాకు మిలిటరీ పుస్తకాల్లో చాలా చెప్పారుగానీ, మా జిల్లాలో ఎవరూ కోళ్లని వదిలేసి ఊరు ఖాళీ చెయ్యరన్న సంగతి మాత్రం చెప్పలేదు. అది మా అమ్మ దగ్గర నేర్చుకున్నది.

వాళ్లు దాక్కున్నారు. మా నుంచే దాక్కున్నారు.

ఈ అడవి అంచున ఒకప్పుడు గాలిమోటరు వచ్చిందంటే వరద సాయానికి వచ్చేది కాదు. గాలింపులకి వచ్చేది. ఎవరి కోసం గాలించారో, ఎవరు దొరికారో ఆ వివరాలు నాకు తెలియవు. కిందున్నవాళ్లకి తెలిసింది ఒక్కటే. పైన చప్పుడైతే, కింద ఊరు కొన్నాళ్లపాటు ఊరుగా ఉండదు. అందుకని చప్పుడు వినపడగానే దండెం మీద తెల్లగుడ్డ లాగెయ్యాలి, పొయ్యి మీద నీళ్లు చల్లాలి, చెట్ల కిందికి పోయి కదలకుండా కూర్చోవాలి. అక్కడి పిల్లలకి నడకతో పాటు వచ్చే విద్య ఇది. మాకిచ్చిన సహాయ ప్రణాళికలో మాత్రం, బాధితులు ఇంటి కప్పులెక్కి రంగుగుడ్డలు ఊపుతారని రాసి ఉంది. మా హెలికాప్టర్ రంగు చూస్తే అదే పాత ఆకుపచ్చ. మేం ఎంత కిందికి దిగి వెతికితే వాళ్లు అంత బాగా దాక్కుంటారు. ఇద్దరం ఎవరి శిక్షణ వాళ్లం చక్కగా పాటిస్తున్నాం, నీళ్లు మాత్రం పెరుగుతున్నాయి.

గ్రౌండుకి తిరిగొచ్చి నర్సమ్మని పిలిచాను.

"మీరు మాతో వస్తారా? చేతిమైకు ఉంది, పైనుంచి వాళ్ల భాషలో చెబుదురు."

"నా సూదిని చూసే దాక్కుంటరు సారూ వాళ్లు. మీ మిషన్‌కు బయటికొస్తరా?"

"రావట్లేదు కాబట్టే అడుగుతున్నా."

ఆమె హెలికాప్టర్ వంక చూసింది. "పడిపోదు కదా?"

"ఇప్పటిదాకా పడలేదు."

"గట్ల చెప్తే ఎక్కుతరా ఎవలన్నా" అని ఎక్కింది.

పౌరుల్ని ఎక్కించాలంటే పైనుంచి అనుమతి కావాలని మేజర్ గుర్తు చేశాడు. అనుమతిచ్చే ఆయన ఏరియల్ సర్వేకి వచ్చేవాళ్ల గొడుగుల ఏర్పాట్లలో ఉన్నాడు, ఫోనెత్తడం లేదు. ఈ సంగతి నర్సమ్మకి తెలుగులో చెప్పాను.

"నేను పౌరురాలినేంది సారూ, ఏఎన్ఎంని" అంది.

ఆ మాటనే అనుమతిగా తీసుకున్నాను.

చేతిమైకు పనికి రాలేదు. హెలికాప్టర్ రెక్కల చప్పుడులో ఆమె అరుపు పక్కన కూర్చున్న నాకే వినపడలేదు. దిబ్బ మీద గుడిసెల మధ్య కళ్లం ఉంది, అక్కడ దించాను. దించినా అంతే. రెక్కలు తిరుగుతున్నంతసేపూ మేం ఆ పాత గాలిమోటరువాళ్లమే. ఒక్క ఆకు పక్కకి జరగలేదు.

అప్పుడు ఇంజన్ ఆపాను.

ఇది చదువుతున్నవాళ్లకి పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. బస్సు ఆపినట్టే కదా అనుకోవచ్చు. ఊరూపేరూ లేని చోట, చుట్టూ వరద పెరుగుతుండగా ఒంటి ఇంజన్ హెలికాప్టర్‌ని ఆపకూడదు. తడిసిన బ్యాటరీతో ఇంజన్ మళ్లీ పట్టకపోతే, కాపాడటానికి వచ్చినవాళ్లని కాపాడటానికి ఇంకొకళ్లు రావాలి. ఆ ఇంకొక హెలికాప్టర్ గొడుగు కింద ఉంది. మా వృత్తిలో వాళ్లమెవరం ఆపం. దింపుతాం, ఎక్కిస్తాం, లేస్తాం, రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. మేజర్ నా చేతి వంక ఒకసారి, రేపటి విచారణలో తన పేరు ఏ కాగితం మీదికెక్కుతుందో అన్నట్టు ఆకాశం వంక ఒకసారి చూశాడు.

రెక్కలు నెమ్మదించి ఆగాయి. ఆ నిశ్శబ్దం నాకు కొత్త. అంతకాలం ఎగిరానుగానీ నేను దిగిన ఏ చోటూ ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు. ఇప్పాకుల మీంచి జారే చినుకులు, వాగు హోరు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు మొదలై, ఎవరో నోరు మూసినట్టు ఠక్కున ఆగిపోయింది. కోళ్లు బయటికొచ్చి హెలికాప్టర్ కింద తిరగడం మొదలుపెట్టాయి.

నర్సమ్మ దిగి, మైకు సీటు మీదే వదిలేసి, నడుం మీద చేతులు పెట్టుకుని కోయలో ఏదో గట్టిగా అంది. చెట్ల వెనక ఎవరో ముసిముసిగా నవ్వారు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"దాక్కుంటే మంచిగ దాక్కోవాలె, కోళ్లను బయట పెట్టి దాక్కుంటరా అన్న."

ఆ పెద్దమనిషి వచ్చాడు. ఒక్కడే. పొట్టి మనిషి, భుజాన తువ్వాలు, చేతులు రెండూ కనపడేలా ముందుకు పెట్టుకుని నడిచి వచ్చాడు. అలా నడవడం కూడా ఎప్పుడో నేర్చుకున్నదే. నా దగ్గరికొచ్చి హెలికాప్టర్‌ని చూసి, "చచ్చిపోయిందా?" అన్నాడు.

"లేదు. నేనే ఆపిన."

"ఎందుకు?"

"మీతో మాట్లాడనీకి."

గాలిమోటరువాళ్లు మాట్లాడతారని ఆయన వినలేదు. "ఎక్కడికి తీస్కపోతరు?" అన్నాడు.

"రోడ్డు మీద బడికి. నీళ్లు తగ్గేదాక."

"తగ్గినంక?"

"మళ్ల ఈడికే."

"ఎవలు తీస్కొస్తరు?"

గ్రౌండులో అధికారిని పొద్దునే అడిగాను. నీళ్లు తగ్గినంక ఎవలూరికి వాళ్లని పంపిచ్చుడే కదా సార్ అన్నాడు. అబద్ధం చెప్పలేదతను, తనకు తెలిసింది చెప్పాడు. నేనూ అంతే.

"నేనే" అన్నాను.

"నువ్వేనా?"

"అవ్. నేనే."

ఆయన వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. చెట్లు మనుషులయ్యాయి. నేను నిలబడ్డచోటి చుట్టూనే అంతమంది ఉన్నారని నాకు తెలియలేదు. రెండు అడుగుల దూరంలో ఒక పొద వెనక నుంచి ఒక ముసలామె లేచింది. మేజర్ ఉలిక్కిపడ్డాడు.

ఇంకో సంగతి తేలాల్సి వచ్చింది. గుంపు చివర చిన్న గుడిసెలో వాళ్ల వేల్పు ఉంది, ఆ ఇంటిపేరు వాళ్లందరి దేవుడు. మేజర్, ఆ దేవుడికి కూడా చోటు చేద్దామని మంచి మనసుతోనే అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. డోలు మోగకుండా, అందరూ వెంట నడవకుండా వేల్పు వాగు దాటకూడదట. గాల్లోంచి దాటడం గురించి ఎవరూ ఏమీ చెప్పలేదుగానీ, అది ఇంకా తప్పే అయి ఉంటుంది అన్నాడు. గుడిసె తలుపు తడికకి తాడు కట్టి, ముడి వేసి, నా దగ్గరికొచ్చాడు.

"వేల్పు ఈడనే ఉంటది. మేం మళ్ల వస్తం కదా."

ఇంజన్ రెండో ప్రయత్నానికి పట్టింది. మొదటి ప్రయత్నానికీ రెండో ప్రయత్నానికీ మధ్య నా ఉద్యోగ జీవితమంతా నాకు స్పష్టంగా కనిపించింది, అంత గొప్పగా ఏమీ లేదు. నెలలు నిండిన ఆమెని ముందు తీసుకెళ్లాం. నర్సమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుని దారంతా మా ఇద్దరినీ తిట్టింది, కుదుపు ఎక్కువగా ఉందని. ఆ సాయంత్రం బడి గదిలోనే ఆడపిల్ల పుట్టింది. చీకటి పడేలోపు, నలుగురు నలుగురు చొప్పున, కోళ్లతో సహా గుంపంతా ఇవతలికి వచ్చింది. ఒక్క ప్రాణం పోలేదు. తెల్లారేసరికి దిబ్బ మీద నీళ్లు ఎక్కాయి, కళ్లం మునిగింది. కాబట్టి మేం చేసింది సరైన పనే. ఈ మాట నేను చాలాసార్లు చెప్పుకున్నాను, ఇప్పటికీ పనిచేస్తుంది, కాసేపు.

మర్నాడు ఏరియల్ సర్వే జరిగింది. కింద నీళ్లేనని తేలింది. దిగాక ఆ పెద్దవాళ్లలో ఒకాయన మా కోయ పెద్దమనిషికి దుప్పటి కప్పి ఫొటో దిగాడు. దుప్పటి మడతలు సరిగ్గా రాలేదని రెండోసారి కప్పాడు. నన్ను భుజం తట్టి, ప్రజల నమ్మకాన్ని గెలుచుకున్న అధికారి అన్నాడు. ఆ వాక్యం నా కంటే వేగంగా ఢిల్లీ చేరింది. ప్రశంసాపత్రంలో అదే వాక్యం, కాస్త ఇంగ్లిషు బాగుచేసుకుని వచ్చింది. చలికాలంలో బోర్డు కూర్చుంది. ఇంజన్ ఆపడం నియమాల ప్రకారం తప్పు, దానికి నన్ను ఎవరైనా మందలిస్తారనుకున్నాను. తప్పు చేసినప్పుడు ఫలితం మంచిదైతే దాన్ని చొరవ అంటారని అప్పుడు తెలిసింది.

మూడో చుక్క భుజానికి పెట్టిన రోజున మా ఊరికి ఫోన్ చేశాను. మా చిన్నాన్న, "బ్రిగేడియర్ అంటే ఎస్సై కంటే పెద్దా?" అని అడిగాడు. కొంచెం అన్నాను.

నీళ్లు తగ్గాయి. ఎంతైనా వరద కదా, తగ్గుతుంది. కానీ తగ్గేలోపే మమ్మల్ని వెనక్కి పిలిచారు. వెళ్లేముందు అధికారికి చెప్పాను, అతను సరేనన్నాడు. ఉత్తరాది నుంచి ఫోన్ చేస్తే, రోడ్డు బాగవ్వాలి సార్ అన్నాడు. తర్వాత చేస్తే బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినాయన మర్యాదస్తుడు, విషయం పూర్తిగా చదివి మరీ మాట్లాడాడు. ఆ దిబ్బ మునిగే చోటట, అడవి లోపలిదట, వాళ్లకి రోడ్డు పక్కనే పక్కా కాలనీ కట్టిస్తున్నారట, బడి, కరెంటు అన్నీ వస్తాయట.

"వాళ్లు తిరిగి వెళ్లడానికే వచ్చారు. నేను మాటిచ్చాను" అన్నాను.

"మీకు తెలియనిదేముంది సార్. సైన్యం వచ్చి హెలికాప్టర్‌లో తియ్యాల్సొచ్చిన ఊరది. మళ్లీ అక్కడికెట్ల పంపిస్తాం?"

అంటే ఆ చోటు మనుషులుండటానికి పనికి రాదనడానికి సాక్ష్యం నేనే. నేను వెళ్లకపోయి ఉంటే అది మునిగిన ఊరు. నేను వెళ్లాను కాబట్టి అది ఖాళీ చేసిన ఊరు. గుంపులోవాళ్లు చెట్ల వెనక కూర్చుని అనుకున్నది ఇదే. పైన చప్పుడైతే కింద ఊరు ఉండదని. ఇంత చదువుకుని, ఇంత ఎత్తున ఎగిరి, నేను చేసిందల్లా ఇంజన్ ఆపి వాళ్లని మాటలతో బయటికి రప్పించడం. పాతవాళ్లకి ఆ తెలివి లేకపోయింది.

సెలవు దొరికినప్పుడల్లా ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఎక్కడా ఎవరూ అమర్యాద చెయ్యలేదు. కల్నల్‌గా వెళ్లినప్పుడు టీ ఇచ్చేవాళ్లు. బ్రిగేడియర్‌గా వెళితే బిస్కట్లు కూడా వచ్చాయి. రిటైరయ్యి వెళితే మళ్లీ ఉత్త టీకి దిగింది. ర్యాంకు వల్ల దేశంలో ఏం జరుగుతుందని అడిగేవాళ్లకి ఇదీ నేను కళ్లారా చూసింది.

ఇప్పుడు ఖమ్మంలో ఉంటాను. నెలకోసారి కారేసుకుని కాలనీకి వెళతాను. మా ఆవిడ మొదట్లో, "ఎందుకండీ వెళ్లడం, తిట్టించుకోవడానికా?" అనేది. ఆయన తిట్టడు, అదే కష్టం. కాలనీ వరసగా ఒకే కొలత గదులు, ముందు బొగ్గు లారీలు పోయే రోడ్డు. జనం మిర్చి కోతలకి, పత్తి ఏరడానికి కూలికి పోతారు. ఇప్పపూవు కాలంలో ఆడవాళ్లు గంపలు పట్టుకుని అలవాటుగా బయటికొచ్చి, ఎటు పోవాలో తెలియక కాసేపు నిలబడతారట. నర్సమ్మ చెప్పింది. ఆమె ఇంకా అక్కడే డ్యూటీ చేస్తోంది. బడి గదిలో పుట్టిన పిల్ల ఆమె చేతి సూదిని చూసి పారిపోయే వయసుకొచ్చింది.

పెద్దమనిషి మోరీ గోడ మీద కూర్చుంటాడు. నా కారు గుర్తుపడతాడు.

"నీళ్లు తగ్గినయా సారూ?"

మొదటిసారి విన్నప్పుడు ఆయనకి మతి చలించిందేమో అనుకున్నాను. నర్సమ్మని పక్కకి పిలిచి అడిగాను. "ఆయన మతికేమైంది, బానే ఉంది. మీకే అర్థం కానట్టుంది" అంది. అప్పటి నుంచి "ఇంకా చూస్తున్నా" అనేవాణ్ణి. ఆయన తలూపి, "జల్దీ లేదులే" అనేవాడు. నేను బీడీలు తీసుకెళ్లేవాణ్ణి. ఆయన నాకొకటి ఇచ్చేవాడు, నా బీడీయే.

మొన్న ఎండాకాలం ఆయన దగ్గడం మొదలుపెట్టాడు. నర్సమ్మ, దవాఖానాకు రమ్మంటే వస్తలేడు సారూ, మీరన్నా చెప్పండి అని ఫోన్ చేసింది. వెళ్లాను. దవాఖానా మాట ఎత్తితే, "ముందుగాల ఊరికి" అన్నాడు. నా దగ్గర హెలికాప్టర్ లేదు, మారుతి కారుంది. ఎక్కు అన్నాను.

వాగు దాకా మట్టిరోడ్డుంది. వాగులో నీళ్లు లేవు. పేరుకి ఒక పక్కన పాయ, అందులో కొంగలు నిలబడితే కాళ్లు కూడా మునగట్లేదు. ఇసుక తెల్లగా మెరుస్తోంది. కానీ ఒడ్డున కందకం తవ్వి, ఇనుప గేటు పెట్టారు. గేటు దగ్గర అటవీశాఖ కాపలా మనిషి ఒకడు చెట్టు నీడలో సెల్లు చూసుకుంటున్నాడు.

"ఆడికి పోవద్దు సార్. లోపల ప్లాంటేషన్ ఉంది" అన్నాడు లేచి.

నేను చెయ్యకూడదని ఎప్పుడూ అనుకునే పని చేశాను. జేబులోంచి రిటైర్డ్ అధికారి కార్డు తీసి చూపించాను. అతను చదివి, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"మా బావ కూడా ఆర్మీలనే సార్. మీరు పోండి, చూసి రండి. ఆయన్ని మాత్రం పంపొద్దన్నరు."

"ఆయన ఊరయ్యా అది" అన్నాను.

"గదే సార్. ఆ ఊరోళ్లనే పంపొద్దన్నది."

చాలాసేపు వాదించాను. పైకి ఫోన్ చేయించాను. పైవాళ్లు కూడా చాలా మర్యాదగా అదే చెప్పారు. పెద్దమనిషి కారు బానెట్‌కి ఆనుకుని వింటున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, పాత పరిచయస్తుణ్ణి చూసినట్టుంది.

"పో సారూ" అన్నాడు. "ఇప్పుడు నువ్వే కదా ఆడికి పోయేటోడివి. చూసి రా, నీళ్లు తగ్గినయో లేదో."

"వేల్పుకి ఏమన్నా పెట్టాల్నా?"

"నీ చేతిది తీసుకోదు."

వెళ్లాను. వాగు ఇసుకలో నడిచి, దిబ్బ ఎక్కాను. గుడిసెలు లేవు. గీత గీసినట్టు వరసల్లో జామాయిల్ మొక్కలు, పెద్దవయ్యాయి. ఇప్పచెట్లు కొన్ని మిగిలాయి. కళ్లం ఎక్కడో వాటిని బట్టి పోల్చుకున్నాను. అక్కడ నిలబడ్డాను. ఆ రోజు లాగే నిశ్శబ్దం. ఆ రోజు కనీసం కోళ్లున్నాయి. ఎందుకో చెట్ల వంక చూస్తూ ఉండిపోయాను, ఎవరైనా బయటికొస్తారేమోనని కాదు, అలవాటు.

గుంపు చివర గుడిసె రాటలు రెండు నిలబడి ఉన్నాయి. కప్పు కూలి, దాని మీద చెదపుట్ట లేచింది. తడిక కింద పడి ఉంది. తాడు ముడి మాత్రం అలాగే ఉంది.

వెనక్కి నడుస్తూ దారంతా ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. గుడిసె బాగానే ఉంది, ఎవరో దీపం కూడా పెట్టినట్టున్నారు అని చెబుదామని. నేను చెప్పగలను. ప్రజల నమ్మకాన్ని గెలుచుకునే అధికారిని.

ఆయన అడగలేదు. నేను గేటు దాటి వస్తుంటే నా మొహం వంక కూడా చూడలేదు. నా బూట్లు చూశాడు. పొడి ఇసుక అంటుకుని తెల్లగా ఉన్నాయి, తడి లేదు.

"తగ్గినయి" అన్నాడు, తనకు తనే.

కారెక్కి కూర్చున్నాడు. దవాఖానాకు పోదామా అంటే పోదాం అన్నాడు. దారిలో బీడీ అడిగాడు, నేను ఇవ్వలేదు, దగ్గు కదా. నవ్వాడు.

దగ్గు తగ్గింది. మోరీ గోడ మీద ఇప్పటికీ కూర్చుంటాడు. నెలకోసారి నేను వెళుతూనే ఉన్నాను. ఎండల గురించి మాట్లాడతాడు, లారీల గురించి మాట్లాడతాడు, మీ నాయిన లారీలున్నయా ఇంకా అని అడుగుతాడు. ఆ ఒక్కటి మాత్రం మళ్లీ అడగలేదు.

నేను కారు దిగే ముందు ఇప్పటికీ, అలవాటు కొద్దీ, ఇంకా చూస్తున్నా అనే జవాబు నోట్లో సిద్ధంగా పెట్టుకుంటాను. మళ్లీ మింగేసుకుంటాను.